మీకు తెలుసా? బొమ్మా బొరుసుల వెనుక ఉలి

నాణెం చేతిలో పడగానే అంకె చూసి జేబులో వేసుకుంటాం. రెండు వేల ఏళ్ల కిందటి నాణేల్లో చాలావాటి మీద అంకే ఉండేది కాదు. లోహం బరువే విలువ, చోటంతా బొమ్మదే. రెండు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఆ గుండ్రంలో రాజును పెట్టాలా, దేవుణ్ణి పెట్టాలా, ఏనుగును పెట్టాలా? ఒకటి పెడితే ఇంకొకటి వదులుకోవాలి. పాత నాణేల అందమంతా ఆ ఎంపికలోనే ఉంది. అలాంటి కొన్ని ఎంపికలు ఇవి.

తిరగేసి చెక్కితేనే తిన్నగా పడుతుంది

నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించే ప్రతి గీతా అచ్చులో గుంటగా ఉంటుంది. రాజు కుడివైపు చూడాలంటే అచ్చులో ఎడమవైపు చూడాలి. అక్షరాలు రబ్బరు స్టాంపు మీద ఉన్నట్టు తిరగబడి ఉండాలి. కంచు దిమ్మె మీదనో ఇనుప దిమ్మె మీదనో సన్నని ఉలులతో ఇదంతా చెక్కేవారు. ఉంగరపు రాళ్ల మీద ముద్రలు చెక్కే విద్యకు ఇది దగ్గరి చుట్టం.

ఒక అచ్చును దాగలిలో బిగించి, దాని మీద లోహపు బిళ్ల పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి సుత్తితో కొడితే బొమ్మా బొరుసూ ఒకేసారి పడేవి. దెబ్బ కాస్త పక్కకు పోతే రాజుగారి కిరీటం సగం బిళ్ల బయటే ఉండిపోయేది. సుత్తి దెబ్బను నేరుగా తినే పై అచ్చు ముందు అరిగేది. అచ్చు పగిలితే ఆ పగులు కూడా నాణెం మీద గీతగా పడేది. ఆ గీత ఏ నాణెం మీద చిన్నగా ఉంది, ఏ నాణెం మీద పెరిగింది అని పోల్చి, ఏది ముందు కొట్టారో ఏది తర్వాత కొట్టారో పరిశోధకులు తేల్చగలుగుతున్నారు.

రాజు లేని తొలి నాణేలు

మన దేశపు తొలి నాణేల మీద రాజు లేడు, రాజు పేరూ లేదు. క్రీస్తుకు ఐదారు వందల ఏళ్ల ముందు మొదలైన ఈ వెండి ముక్కల్ని విద్ధాంక నాణేలంటారు. వెండి రేకును ముక్కలుగా కోసి, తూకం సరిపోయేదాకా మూలలు కత్తిరించి, ఆ మీద ఒక్కో గుర్తునూ విడివిడిగా కొట్టేవారు. ప్రామాణికమైన తూకం 32 గురివింద గింజలు, అంటే సుమారు 3.4 గ్రాములు.

మగధ, మౌర్యుల కాలపు నాణేల మీద ఇలాంటి గుర్తులు ఐదేసి ఉంటాయి. కిరణాల సూర్యుడు, ఆరు కొమ్మల చక్రం, కంచె మధ్యలో చెట్టు, నెలవంక పెట్టిన మూడు శిఖరాల కొండ, ఏనుగు, ఎద్దు వంటివి వాటిలో తరచుగా కనిపిస్తాయి. నాలుగు గీతల్లో కొండ, పది గీతల్లో ఏనుగు. చదువు రానివాడు కూడా గుర్తుపట్టాలి గనుక గీత ఎంత తక్కువైతే అంత మేలు. మన అమరావతిలో ఇలాంటి వెండి నాణేలు వేల సంఖ్యలో ఒక్కచోటే దొరికాయి.

కావాలనే పాతబడిన గుడ్లగూబ

ఏథెన్స్ నగరం క్రీ.పూ. 5వ శతాబ్దంలో కొట్టిన పెద్ద వెండి నాణెం బరువు 17 గ్రాములు దాటుతుంది. ఒకవైపు ఎథీనా దేవత, రెండోవైపు ఆమె గుడ్లగూబ, పక్కన ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక. చిత్రమేమిటంటే దేవత ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టే ఉంటుంది. అది పాతకాలపు పద్ధతి. అదే నగరంలో అదే కాలంలో శిల్పులు పార్థినాన్ గుడి మీద సజీవమనిపించే మనుషుల్ని చెక్కుతున్నారు. నాణెం చెక్కేవారికి చేతకాక కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ ఆ గుడ్లగూబను చూసే వర్తకులు వెండి తీసుకునేవారు. ముఖం మారితే అనుమానం వస్తుంది. అందుకే నాణెం తీరును దాదాపు మార్చకుండా దశాబ్దాల పాటు కొట్టారు. ఈనాటి గ్రీస్ ఒక యూరో నాణెం మీద ఉన్నది ఆ గుడ్లగూబే.

సంతకం పెట్టిన ఇద్దరు

ప్రాచీన నాణేల మీద శిల్పి పేరు దాదాపు ఎక్కడా కనిపించదు. సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ అందుకు మినహాయింపు. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర అక్కడ అచ్చులు చెక్కిన కిమోన్, యువైనెటోస్ అనే ఇద్దరు తమ పేర్లు నాణెం మీదే పెట్టుకున్నారు. సుమారు 43 గ్రాముల పెద్ద వెండి నాణెం అది. ఒకవైపు నాలుగు గుర్రాల రథం పరుగు తీస్తుంటుంది, పైన విజయదేవత ఎగురుతూ వచ్చి సారథికి పూదండ వేస్తుంటుంది. రెండోవైపు చుట్టూ డాల్ఫిన్‌లు ఈదుతుండగా ఒక దేవకన్య ముఖం. ఆమె ఆ ఊరి నీటి ఊటకు అధిదేవత అరెథూసా అని చాలామంది పండితుల మాట.

కిమోన్ తన పేరును ఎక్కడ పెట్టాడో చూడండి. ఆమె నుదుటి పట్టీ మీద మొదటి అక్షరాలు, మెడ కింది డాల్ఫిన్ మీద పూర్తి పేరు. వెతికితేనే కనిపించాలన్నట్టు! ఇంకో వెండి నాణెం మీద అతను ఇంతకన్నా సాహసం చేశాడు. ఆమె ముఖాన్ని సూటిగా మనవైపు తిప్పి, జుట్టును నీళ్లలో తేలుతున్నట్టు నలువైపులా వదిలాడు. ఎదురుగా చూసే ముఖంలో ముక్కు అన్నిటికన్నా ఎత్తుగా ఉంటుంది, చేతులు మారేకొద్దీ ముందు అరిగేది అదే. అందుకే టంకశాలలు ఎక్కువగా పక్కముఖాన్నే ఎంచుకున్నాయి.

నాణెం మీద మిగిలిన మొక్క

ఇప్పటి లిబియా తీరంలో సైరీన్ అనే గ్రీకు నగరం ఉండేది. ఆ ఊరి నాణేల మీద లావాటి కాడ, జంట ఆకులు, పైన గుండ్రటి పూగుత్తులు ఉన్న ఒక మొక్క కనిపిస్తుంది. దాని పేరు సిల్ఫియం. దాని జిగురు వంటకూ మందుకూ ఎంతో విలువైనది, ఊరి సంపద అంతా దానిదే. సాగుకు లొంగని ఆ మొక్క కోసుకోగా కోసుకోగా కరువైపోయింది. తన కాలంలో ఒకే ఒక్క కాడ దొరికితే దాన్ని నీరో చక్రవర్తికి పంపారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. దానికి బదులుగా రోమన్లు పర్షియా వైపు నుంచి తెప్పించుకున్న సరుకు మన పులిహోరలోనూ పడుతుంది: ఇంగువ. సిల్ఫియం అసలు ఏ మొక్కో తేల్చాలని చూసే వృక్షశాస్త్రవేత్తలు ఈనాటికీ ఆ నాణేలనే ముందు పెట్టుకుంటారు.

శంఖచక్రాలతో వాసుదేవుడు

ఇప్పటి అఫ్గానిస్థాన్‌లోని ఐ ఖానుమ్ అనే గ్రీకు నగరపు శిథిలాల్లో 1970లో ఫ్రెంచి పురావస్తు బృందానికి ఆరు వెండి నాణేలు దొరికాయి. అవి నలుచదరపు నాణేలు. క్రీ.పూ. 180 ప్రాంతంలో ఏలిన అగథోక్లీస్ అనే గ్రీకు రాజువి. ఒకవైపు హలమూ ముసలమూ పట్టిన బలరాముడు, రెండోవైపు శంఖచక్రాలు ధరించిన వాసుదేవుడు. ఒకవైపు గ్రీకు రాత, రెండోవైపు బ్రాహ్మి లిపి. ఈ ఇద్దరు దేవుళ్లకు సందేహం లేకుండా గుర్తించగలిగిన తొలి రూపాల్లో ఇవి ఉన్నాయి.

నాణెం మీద గుడి కట్టలేం, కథ చెప్పలేం. చేతిలో ఏముందో చూసి దేవుణ్ణి పోల్చుకోవాలి. నాగలి కనిపిస్తే బలరాముడు, చక్రం కనిపిస్తే కృష్ణుడు. తర్వాతి శతాబ్దాల విగ్రహాలు నడిచిన దారి కూడా ఇదే. ఆ పాఠం ఇంత తొందరగా ఇంత స్పష్టంగా ఈ వెండి పలకల మీదే కనబడుతుంది.

లిపి తెరిచిన జంట రాతలు

ఇండో-గ్రీకు రాజులు ఒకే నాణెం మీద తమ పేరును రెండు భాషల్లో రాయించారు. బొమ్మ వైపు గ్రీకు, బొరుసు వైపు ఖరోష్ఠి లిపిలో ప్రాకృతం. ఖరోష్ఠిని కుడి నుంచి ఎడమకు రాస్తారు. వెయ్యేళ్లకు పైగా ఎవరికీ అంతుపట్టని ఈ లిపిని ఛేదించడానికి పనికొచ్చింది ఈ నాణేలే, ఎందుకంటే గ్రీకు పేరు అందరూ చదవగలరు. అగథోక్లీస్ నాణెం మీది బ్రాహ్మి అక్షరాల్లో అతని పేరును 1836లో క్రిస్టియన్ లాసెన్ పోల్చాడు. ఆ మరుసటి ఏడు జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మి లిపి గుట్టు విప్పి అశోకుడి శాసనాలకు నోరిచ్చాడు. ప్రిన్సెప్ ఉద్యోగం ఏమిటో తెలుసా? కాశీలోనూ కలకత్తాలోనూ టంకశాలలో లోహపు నాణ్యత చూసే అధికారి.

అరచేతి నిండా బంగారం

ప్రాచీన కాలపు బంగారు నాణేల్లో మనకు దొరికినవాటిలో పెద్దది బాక్ట్రియా రాజు యూక్రటైడీస్‌ది. బరువు 169.2 గ్రాములు, అడ్డుకొలత 58 మిల్లీమీటర్లు. బుఖారాలో బయటపడి, మూడో నెపోలియన్ చేతికి చేరి, ఇప్పుడు పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టిన రాజు. దాని పక్కన ఎద్దు కొమ్మూ చెవీ కనిపిస్తాయి. బొరుసు వైపు జోడు దేవతలు ఈటెలు పట్టి గుర్రాలు దౌడు తీయిస్తున్నారు. ఇంత పెద్ద నాణెం అంగడిలో ఖర్చుకు కాదని, కానుకకో విజయానికి గుర్తుగానో కొట్టి ఉంటారని పండితుల ఊహ. చోటు పెరగ్గానే శిల్పి ఏం చేశాడు? బొమ్మలు పెంచలేదు. ఉన్న రెండింటికే మెరుగు దిద్దాడు.

మందపాటి కోటులో రాజు, సన్నని అంగీలో బుద్ధుడు

కుషాణ చక్రవర్తి కనిష్కుడి బంగారు నాణెం ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. జలాలాబాద్ దగ్గర అహిన్ పోష్ స్తూపంలో దొరికింది. ఒకవైపు గడ్డం, బరువైన కోటు, పెద్ద బూట్లతో కనిష్కుడు చిన్న వేదిక దగ్గర ఆహుతి ఇస్తున్నాడు. రెండోవైపు కుడి చెయ్యి అభయముద్రలో ఎత్తి, ఎడమ చేత అంగీ కొస పట్టుకుని బుద్ధుడు నిలబడ్డాడు. పక్కన గ్రీకు అక్షరాల్లో 'బొద్దో' అని ఉంటుంది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపిన తొలినాటి బొమ్మల్లో కాలం చెప్పగలిగినవి కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి.

బట్టల తేడా గమనించండి. రాజు ఒంటి మీద చలిదేశపు మందపాటి గుడ్డ, ఆ మడతలు గట్టిగా నిలబడి ఉంటాయి. బుద్ధుడి అంగీ మడతలు ఒంటికి అంటుకుని జారుతుంటాయి. ఒకే నాణెం, రెండు రకాల గుడ్డ. అదే రాజు నాణేల మీద పర్షియన్, గ్రీకు దేవతలూ, శివుణ్ణి పోలిన ఓయెషో కూడా కనిపిస్తారు. ఎన్నో మతాల ప్రజలున్న సామ్రాజ్యానికి బొరుసు వైపు అందరికీ ఖాళీ ఉంచాడన్నమాట.

శత్రువు ముఖం మీద కొండ గుర్తు

1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలున్న నిధి బయటపడింది. అన్నీ పశ్చిమ క్షత్రపుడు నహపానుడి కాలంవే. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద ఇంకో ముద్ర పడింది. ఒకవైపు మూడు శిఖరాల కొండ, రెండోవైపు నాలుగు గుండ్రాల ఉజ్జయినీ గుర్తు. నహపానుణ్ణి ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి వేయించిన ముద్రలవి.

కరిగించి కొత్తవి కొట్టించవచ్చు, కానీ ఆయన అలా చేయించలేదు. కొండ గుర్తు కింద నహపానుడి ముక్కు, పెదవి, చెంప ఇంకా కనిపిస్తుంటాయి. యుద్ధంలో ఎవరు గెలిచారో ఆ నాణెం పట్టుకున్న ప్రతి రైతుకూ వర్తకుడికీ తెలిసిపోతుంది. అందంగా చెక్కిన ముఖం మీద మొరటుగా పడిన ఈ ముద్రకున్నంత బలం ఏ ప్రశస్తి శాసనానికీ లేదు.

శాతవాహనులు ముఖం చూపించిన నాణెం

శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహంవి. వాటి మీద ఏనుగు, సింహం, కొండ, చెట్టు, ఉజ్జయినీ గుర్తు కనిపిస్తాయి తప్ప రాజు ముఖం కనిపించదు. గౌతమీపుత్రుడు, పులుమావి, యజ్ఞశ్రీ వంటి రాజులు వెండిలో మాత్రం తమ ముఖాలు చెక్కించారు. క్షత్రపుల వెండి నాణేలకు అలవాటుపడిన పశ్చిమ తీరపు అంగళ్లలో చెల్లాలంటే అదే పద్ధతి పాటించాలి మరి.

రెండు గ్రాముల బరువున్న ఆ నాణేల మీద ఒకవైపు రాజు, చుట్టూ ప్రాకృతంలో పేరు. రెండోవైపు కొండా, కొండ కింద అలల గీతగా నదీ, ఉజ్జయినీ గుర్తూ. ఆ వైపు రాత ద్రావిడ భాషలో ఉంటుంది. గ్రీకు రాజుల దగ్గర పుట్టిన జంట భాషల పద్ధతి ఇలా దక్కనుకు చేరింది. రాజుల నాణేల మీద దక్షిణాది మాటకు చోటు దొరికిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ముఖంలో గ్రీకు తీరు కనిపించినా చెవికి పెద్ద కమ్మ, వంకీలు తిరిగిన జుట్టు మాత్రం మన దేశానివే.

సీసం మీద రెండు తెరచాపల కొయ్యలు

తూర్పు తీరంలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేలు కొన్నింటి మీద ఓడ ఉంటుంది. ఎత్తైన ముందు కొస, రెండు కొయ్యలు, వాటికి కట్టిన తాళ్లు గీతగీతగా చూడవచ్చు. పులుమావి, యజ్ఞశ్రీల కాలపువని చెబుతారు. కృష్ణా ముఖద్వారం దగ్గర ఘంటసాల వంటి రేవులు కళకళలాడుతున్న రోజులవి. గ్రీకు భూగోళ రచయిత టాలమీ చెప్పిన కొంటకోస్సిల రేవు ఘంటసాలేనని చరిత్రకారులు పోలుస్తారు.

సీసం మెత్తని లోహం. సన్నని గీత తొందరగా అరిగిపోతుంది. ఓడను చెక్కినవాడికి ఆ సంగతి తెలుసు, అందుకే అలంకారం జోలికి పోలేదు. తాడు ఎక్కడ కట్టారు, కొయ్య ఎక్కడ నిలిచింది అన్నవి మాత్రం వదల్లేదు. ఆనాటి మన ఓడలు ఎలా ఉండేవో చెప్పే కొద్దిపాటి బొమ్మల్లో ఇవి ముఖ్యమైనవి కావడానికి అదే కారణం.

గోదావరి గట్టున పేర్లు, కొండాపూర్‌లో మట్టి అచ్చులు

జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. అక్కడి నాణేల మీద గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు చదివేదాకా ఆ రాజులు ఉన్నారనే చరిత్రకు తెలియదు. శాతవాహన వంశకర్త సిముకుడి పేరున్న నాణేలు కూడా అక్కడే దొరికాయి. కొన్ని సెంటీమీటర్ల లోహం మీద నాలుగు బ్రాహ్మి అక్షరాలు లేకపోతే తెలంగాణ తొలి చరిత్రలో ఒక పేజీ ఖాళీగానే ఉండేది.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో నాణేలతో పాటు వాటిని పోసిన మట్టి అచ్చులూ దొరికాయి. అన్ని నాణేలూ సుత్తి దెబ్బతో పుట్టలేదని దాన్నిబట్టి తెలుస్తుంది. రాగి, తగరం, సీసం కలిసిన పోటిన్‌ను కరిగించి అచ్చులో పోసేవారు. పోసిన నాణెం మీద గీతలు కొట్టిన నాణెం మీద ఉన్నంత పదునుగా ఉండవు. ఆ సంగతి తెలిసిన పనివాడు పోటిన్ నాణేలకు లావు గీతల గుర్తులే ఎంచుకున్నాడు.

చక్రవర్తి ముఖాన ఉలి గాటు

రోమన్ నాణేలు మన నేలలో బస్తాలకొద్దీ దొరికాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధిలోనే వెయ్యికి పైగా వెండి దినారాలున్నాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలే మన దేశంలో ఎక్కువ. ముడతలు, లోతైన కళ్లు, వంకర ముక్కు దాచకుండా మనిషిని మనిషిగా చెక్కడం రోమన్ శిల్పుల ప్రత్యేకత. అలాంటి ముఖాల మీద ఇక్కడివాళ్లు ఉలితో గాటు పెట్టారు. తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధిక భాగం ఇలా గాటు పడినవే. ఇక డబ్బుగా చెల్లదు, బంగారంగానే లెక్క అని చెప్పడానికే ఆ గాటని కొందరి వాదన. లోపల అసలు బంగారమేనా అని చూడటానికని ఇంకొందరి మాట.

ఇంకొన్ని రోమన్ నాణేలకు ముఖం పైభాగంలో రెండు చిల్లులుంటాయి. దారం గుచ్చి మెడలో వేసుకున్నారు. చక్రవర్తి తల తలకిందులు కాకుండా వేలాడాలని రెండు చిల్లులు! బంగారు నాణేన్ని నగగా చూసే మన అలవాటు కాసుల పేరు కన్నా చాలా పాతది.

వీణ వాయించే చక్రవర్తి

భారతీయ నాణేల కళ శిఖరం ఎక్కింది గుప్తుల బంగారు నాణేల్లోనే. సముద్రగుప్తుడు ఎన్నో యుద్ధాలు గెలిచినవాడు. విల్లు పట్టిన రాజు, గండ్రగొడ్డలి పట్టిన రాజు, పులిని కొడుతున్న రాజు, అశ్వమేధపు గుర్రం అంటూ ఆయన నాణేలు రకరకాలుగా ఉన్నాయి. వాటన్నిటి మధ్య ఒక నాణెం మీద మాత్రం ఆయుధం లేదు, కవచం లేదు. ఆసనం మీద తీరుబడిగా కూర్చుని ఒళ్లో వీణ పెట్టుకుని తీగ మీటుతున్నాడు. కాలు మీద కాలు వేసిన తీరు, తలను కొంచెం వంచిన తీరు చూస్తే రాజు ఆ క్షణాన శ్రోతల్ని మరిచిపోయాడనిపిస్తుంది. సైన్యం గురించి చెప్పే నాణేలు ఎలాగూ ఉన్నాయి కదా అని ఈ ఒక్కదాన్నీ పాటకు వదిలిపెట్టారు.

అశ్వమేధ నాణెం మీద రాజు అసలు కనిపించడు. యూపస్తంభం ముందు గుర్రం నిలబడి ఉంటుంది, స్తంభానికి కట్టిన పతాకం దాని వీపు మీదుగా ఎగురుతుంటుంది. రెండోవైపు చామరం పట్టిన పట్టమహిషి. యజ్ఞం చేసినవాడు రాజే అయినా కథను నడిపేది గుర్రమే గనుక మధ్య చోటు దానిదే.

ఇంకో మార్పు కూడా వరుసగా చూడవచ్చు. తొలి గుప్త నాణేల బొరుసు మీది దేవత కుషాణుల అర్దోక్షో పోలికలో సింహాసనం మీద కూర్చుని, చేతిలో పండ్లతో నిండిన కొమ్ము పట్టుకుంటుంది. రెండో చంద్రగుప్తుడి కాలానికి సింహాసనం పోయి పద్మం వచ్చింది, కొమ్ము పోయి తామరపువ్వు వచ్చింది. పరాయి పోలికలతో మొదలైన దేవత రెండు తరాల్లో మన లక్ష్మి అయింది. పెద్ద విగ్రహాల్లో ఈ మార్పును దశ తర్వాత దశగా చూడటం కష్టం. నాణేలను వరుసగా పేరిస్తే పసిపిల్లలకూ అర్థమవుతుంది.

కుమారగుప్తుడి కాలానికి శిల్పుల చెయ్యి ఇంకా స్వేచ్ఛగా తిరిగింది. గుర్రం మీద నుంచి ఖడ్గమృగాన్ని కొట్టే రాజు, నెమలికి మేత అందించే రాజు, ఆ వెనుక నెమలి మీద కార్తికేయుడు. 1946లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతంలో బయటపడిన బయానా నిధిలో ఇలాంటి గుప్త బంగారు నాణేలు 1,821 నమోదయ్యాయి. చరిత్రకారుడు ఏ.ఎస్. అల్తేకర్ వాటికి 1954లో పెద్ద పట్టిక ప్రచురించాడు.

బొమ్మ అక్కర్లేని దేశం

చైనా నాణేల మీద వేల ఏళ్ల పాటు రాజు ముఖం లేదు. గుండ్రటి నాణెం, మధ్యలో చదరపు చిల్లు, చుట్టూ అక్షరాలు. అక్కడ అందమంతా చేతిరాతదే. చిల్లు మధ్యను ఆక్రమించింది గనుక మిగిలిన సన్నని చోటులో అక్షరాల నిలువు గీతలు ఎంత పొడవు ఉండాలో, ఎక్కడ ఒంపు తిరగాలో లెక్కచూసుకోవాలి. ఆ నాణేలను సుత్తితో కొట్టేవారు కాదు, అచ్చుల్లో పోసేవారు. క్రీ.శ. 7లో అక్కడి పాలకుడు వాంగ్ మాంగ్ పోయించిన కత్తి ఆకారపు నాణెం ఒకటి ఉంది. కంచు కత్తి, పిడి దగ్గర గుండ్రం, అందులో రెండు అక్షరాల్ని చెక్కి బంగారం పొదిగారు. ఐదు వేల మామూలు నాణేల విలువ దానికి అంటగట్టాడు. జనం నమ్మలేదు, కొన్నేళ్లకే రద్దయింది. అందం ఒక్కటే డబ్బును నిలబెట్టలేదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అరకాన్ దీవిలో రాజమహేంద్రవరపు వరాహం

ఇది ప్రాచీన కాలానికి కాస్త తర్వాతి మాటే, అయినా తెలుగువాళ్లు తెలుసుకోదగినది. వేంగి చాళుక్య రాజులు శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల బంగారు నాణేలు బర్మా తీరంలో అరకాన్‌కు చెందిన చెదూబా దీవిలో దొరికాయి. వెడల్పైన పల్చటి బంగారు రేకు. నడుమ గొడుగు కింద, అటూ ఇటూ చామరాలతో చాళుక్యుల వరాహం. అంచు చుట్టూ ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా కొట్టిన గుంటలు. విద్ధాంక నాణేల నాటి పద్ధతి పదిహేను వందల ఏళ్ల తర్వాత మళ్లీ కనిపిస్తుందిక్కడ. తేడా ఏమిటంటే ఇక్కడ ప్రతి ముద్రకూ చోటు ముందే నిర్ణయమైంది, ఒకదాని మీద ఒకటి పడలేదు. నన్నయను పోషించిన రాజు నాణెం బంగాళాఖాతం అవతల తేలిందంటే మన రేవుల వ్యాపారం ఎందాక పోయిందో ఊహించవచ్చు.

చింతపండు వద్దు

ఇంట్లోనో పొలంలోనో పాత నాణెం కనబడితే చాలామంది మొదట చేసే పని చింతపండు పెట్టి తోమడం. రాగి చెంబుకు మంచిదే గానీ నాణేనికి ముప్పు. పైన పట్టిన పచ్చటి పొర లోహాన్ని కాపాడుతూ వస్తుంది. అది పోతే దాంతో పాటు సన్నని గీతలూ పోతాయి. సీసపు నాణేన్ని గోటితో గీసినా గుర్తు పడుతుంది.

దానికన్నా ముఖ్యం, ఎక్కడ దొరికిందన్న సమాచారం. జోగల్‌తెంబి నిధి ఊరూరా చెదిరి కంసాలి కుంపట్లో పడి ఉంటే నహపానుడి ఓటమికి ఇంత పెద్ద సాక్ష్యం మనకు మిగిలేది కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణేలను ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నేరంగా చూస్తుంది.

చూడాలనుకుంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం, ముంబైలోని రిజర్వు బ్యాంకు నాణేల మ్యూజియం ఉన్నాయి. వెళ్లేటప్పుడు చిన్న భూతద్దం జేబులో వేసుకోండి. ఒక్కో నాణెం దగ్గర రాజు పేరు వెతికే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇంత చిన్న చోటులో దీన్నే ఎందుకు పెట్టాడు? జవాబు పక్కనున్న చీటీ మీద ఉండకపోవచ్చు గానీ నాణెం మీద తప్పకుండా ఉంటుంది.